ఆషాఢాన్ని అడగాల్సిన ప్రశ్నలు

భార్యాభర్తల మధ్య, ప్రేమికుల మధ్య అనుబంధం ఎలా ముడిపడుతుంది, ఎడబాటు వచ్చినప్పుడు అది ఏమవుతుంది అన్నది నేను పరిశోధన చేయాలనుకుంటున్న విషయం. విశాఖపట్నంలో సైకాలజీ పీజీ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. ఈ మాట చెప్పగానే చాలామంది ముందు నవ్వుతారు, ఆ తర్వాత నాకేమైనా ప్రేమ వ్యవహారం ఉందా అని కూపీ లాగుతారు. పాలకొల్లులో మా బంధువులైతే, సంబంధాలు చూసే వేళ పిల్ల ఏం చదువుతోందో మరీ వివరంగా చెప్పొద్దని అమ్మకు జాగ్రత్తలు చెప్పారు. బాగా చదువుకున్న ఒక పెద్దాయన, 'పరీక్షల ఒత్తిడి మీద చెయ్యమ్మా, శాంపిల్ తేలిగ్గా దొరుకుతుంది, ఎవరూ అభ్యంతరం పెట్టరు' అన్నారు. పరీక్షల ఒత్తిడి మీద పరిశోధన కావాల్సిందే, కాదనను. కానీ మన పిల్లలు కుంగిపోయేది మార్కుల దగ్గరేనా? జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వాటిలో 4.5 శాతానికి ప్రేమ వ్యవహారాలు, 4.8 శాతానికి పెళ్లికి సంబంధించిన సమస్యలు కారణమని పోలీసులు రాసుకున్నారు. రెండూ కలిపితే పదిహేను వేల ప్రాణాలు దాటుతాయి. ఇది నవ్వి వదిలేసే విషయం ఎలా అవుతుంది?

పెళ్లికి ముందు మనవాళ్లు చూడనిది లేదు. గోత్రం, నక్షత్రం, ఎత్తు, జీతం, అబ్బాయికి వీసా ఉందా, అమ్మాయి వాళ్ల పొలం ఎవరి పేరున ఉంది, అన్నీ ఆరా తీస్తాం. తాళి కట్టించాక 'బాగానే ఉంటున్నారా' అన్న ఒక్క ప్రశ్నతో సరిపెడతాం. రెండు మూడు సార్లు ఫోన్లో మాట్లాడుకున్న ఇద్దరు మనుషులు, కష్టం వస్తే మొదట ఒకరికొకరు గుర్తొచ్చేంత దగ్గరివాళ్లు ఎలా అవుతారు? కొందరు ఎందుకు కాలేకపోతారు? లైబ్రరీలో నేను తిరగేసిన మన దాంపత్య పరిశోధనల్లో ఎక్కువ భాగం సర్దుబాటును కొలిచినవే. సర్దుకుపోవడం వేరు, ఒకరిని ఆనుకుని ధైర్యంగా నిలబడటం వేరు. ఏళ్ల తరబడి సర్దుకుపోతూ లోపల ఒంటరిగా మిగిలిపోయినవాళ్లు మన వీధుల్లోనే ఉన్నారు. ప్రశ్నపత్రంలో వాళ్లకు మంచి మార్కులే పడతాయి.

ఈ తేడా నాకు అర్థమైంది పసిపిల్లల గురించి చదువుతున్నప్పుడు. లండన్‌లోని టావిస్టాక్ క్లినిక్‌లో జాన్ బౌల్బీ అనే మనోవైద్యుడు ఉండేవారు. ఆ రోజుల్లో అక్కడి ఆసుపత్రుల్లో పిల్లల్ని చేర్చుకుంటే తల్లిదండ్రుల్ని ఎప్పుడో తప్ప లోపలికి రానిచ్చేవారు కాదు. బౌల్బీతో పనిచేసిన జేమ్స్ రాబర్ట్‌సన్ ఆ వార్డుల్లో కూర్చుని పిల్లల్ని గమనించారు. ఆసుపత్రిలో చేరిన రెండేళ్ల పాప మీద తీసిన సినిమాను 1952లో చూపించారు కూడా. తల్లి వెళ్లిపోగానే పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంది. కొన్నాళ్లకు ఏడుపు సన్నగిల్లి దిగాలుగా కూర్చుంటుంది. ఆ తర్వాత ఎవరు అన్నం పెట్టినా తింటుంది, ఎవరు ఎత్తుకున్నా వెళ్తుంది, తల్లి వచ్చినా ముఖం తిప్పుకుంటుంది. నర్సులు దాన్ని చూసి పిల్ల అలవాటు పడిపోయిందని సంతోషించేవారు. అలవాటు పడటం కాదు, ఆశ వదులుకోవడం అన్నారు బౌల్బీ, రాబర్ట్‌సన్. ఈ ఒక్క పరిశీలన కోసమే నేను ఈ శాస్త్రానికి రుణపడి ఉంటాను. నోరు మెదపని కోడల్ని చూసి 'అలవాటు పడిపోయింది' అని ఇరుగుపొరుగు మెచ్చుకున్న ప్రతిసారీ నాకు ఆ వార్డే గుర్తొస్తుంది.

ఇదంతా పాశ్చాత్యుల గొడవ, మనకు అతకదు అనేవాళ్లున్నారు. వాళ్లకు మేరీ ఎయిన్స్‌వర్త్ గురించి చెప్పాలి. బౌల్బీ అనుబంధ సిద్ధాంతానికి ఇళ్లల్లో కూర్చుని తొలి ఆధారాలు సేకరించింది ఆవిడే. ఆ పని మొదలైంది 1954లో ఉగాండాలో, కంపాలా చుట్టుపక్కల పల్లెల్లో. 26 ఇళ్లకు మళ్లీమళ్లీ వెళ్లి, దుబాసీని వెంటబెట్టుకుని, తల్లులతో మాట్లాడుతూ, పిల్లలు ఎవరి దగ్గరికి పాకుతున్నారో, ఎవరు లేచి వెళ్తే ఏడుస్తున్నారో రాసుకున్నారు. అమెరికాలోని బాల్టిమోర్‌లో చేసిన ప్రసిద్ధ అధ్యయనం ఆ తర్వాతది. అంటే ఈ సిద్ధాంతం పుట్టుకలోనే మనలాంటి పల్లె, మనలాంటి ఇల్లు, చుట్టూ నలుగురు మనుషులు ఉన్నారు. ఎయిన్స్‌వర్త్‌లాగా ఇళ్లకు వెళ్లి కూర్చోవాలని నాకు ఎంతో ఆశ.

పసిపిల్లల సంగతి పెద్దల ప్రేమకు వర్తిస్తుందా అన్న ప్రశ్నను గట్టిగా అడిగింది సిండీ హేజన్, ఫిలిప్ షేవర్ అనే పరిశోధకులు. డెన్వర్‌లో అప్పట్లో వచ్చే రాకీ మౌంటెన్ న్యూస్ అనే దినపత్రికలో వాళ్లు ఒక ప్రేమ ప్రశ్నపత్రం అచ్చు వేయించారు. పాఠకులు దాన్ని నింపి పోస్టులో పంపారు. అలా వచ్చిన వాటిలో 620 జవాబులు విశ్లేషించి 1987లో పరిశోధన పత్రం వెలువరించారు. దగ్గరితనం హాయిగా ఉంటుందన్నవాళ్లు సగానికి కాస్త ఎక్కువ, 56 శాతం. మరీ దగ్గరికొస్తే ఇబ్బందిగా ఉంటుందన్నవాళ్లు 25 శాతం. వదిలేసి వెళ్లిపోతారేమోనన్న బెంగతో ఉండేవాళ్లు 19 శాతం. పద్నాలుగేళ్ల పిల్లల నుంచి ఎనభై దాటిన ముసలివాళ్ల దాకా రాశారు. ఒక వార్తాపత్రిక పాఠకులు పరిశోధనకు అలా చేయి కలిపారన్న సంగతి చదివినప్పుడు నాకు మన తెలుగు పత్రికలే గుర్తొచ్చాయి. వారఫలాలకు, వధూవరుల ప్రకటనలకు ఇచ్చే చోటులో నాలుగో వంతు ఇలాంటి ప్రశ్నపత్రానికి చాలు.

ఆ మూడు వర్గాలే ఇప్పుడు ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌లో తిరుగుతున్నాయి. హాస్టల్లో నా జూనియర్లు అబ్బాయి రెండు పూటలు మెసేజ్ చేయకపోతే 'వాడు అవాయిడెంట్ అక్కా', అంటే దగ్గరితనానికి జంకే రకం అని తేల్చేస్తారు. తమను తాము 'నేను యాంక్షియస్', అంటే వదిలేస్తారేమోనని బెంగపడే రకం అని పరిచయం చేసుకుంటారు. దీన్ని నేను తీవ్రంగా వ్యతిరేకిస్తాను. ఆ తర్వాత వచ్చిన పరిశోధకులు ఇవి గదులు కావనీ, ప్రతి మనిషిలో ఎక్కువతక్కువలుగా ఉండే రెండు కొలతలనీ చూపించారు. ఒకటి వదిలేస్తారన్న భయం, రెండోది ఒకరి మీద ఆధారపడటానికి జంకు. ఇవి ఏళ్లు గడిచే కొద్దీ మారతాయి, ఎదుటి మనిషిని బట్టీ మారతాయి. ఇరవై ఏళ్ల పిల్లకు జీవితాంతం ఉండే ముద్ర వేయడానికి ఈ శాస్త్రం పుట్టలేదు.

ఇక ఆషాఢం సంగతికి వస్తాను. వైశాఖంలోనో జ్యేష్ఠంలోనో పెళ్లవుతుంది. కొత్త కాపురం ఇంకా కుదుటపడకముందే ఆషాఢం వస్తుంది. అత్తాకోడళ్లు ఒకే గడప దాటకూడదని, కొత్త అల్లుడు అత్తవారి గడప తొక్కకూడదని అమ్మాయిని పుట్టింటికి తీసుకొస్తారు. ఆ నెలలో కడుపు పండితే నడి ఎండల్లో కాన్పు వస్తుందని కొందరు, తొలకరి వేళ అల్లుడు అత్తారింట్లో కూర్చుంటే దుక్కులు ఆగిపోతాయని కొందరు కారణాలు చెబుతారు. ఇప్పుడు చాలా ఇళ్లల్లో దుక్కులూ లేవు, కాన్పులు దాదాపు అన్నీ ఆసుపత్రుల్లోనే. అయినా ఆచారం పోలేదు. హైదరాబాద్‌లో ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లల్లో అత్తగారే నెలపాటు ఊరికి వెళ్లిపోతున్నారు, లేదా కోడలు లేడీస్ హాస్టల్లో చేరుతోంది. ఆచారం మంచిదా చెడ్డదా అన్న వాదనలోకి నేను వెళ్లను. అనుబంధం మీద పరిశోధన చేసేవాళ్లు ఎక్కడా ఏర్పాటు చేయలేని పరిస్థితి ఇది. వేల జంటలు, ఒకే కాలంలో, బంధం మొదలైన తొలి వారాల్లోనే విడిగా ఉండి, మళ్లీ శ్రావణంలో కలుస్తాయి. ఆ నెలలో వాళ్ల లోపల ఏం జరిగిందో అడిగిన అధ్యయనం ఒక్కటి కూడా నా కంటబడలేదు.

మా పిన్ని పెళ్లి తొంభైల చివర్లో జరిగింది. బాబాయి భీమవరంలో ఒక రైస్‌మిల్లులో గుమస్తా. ఆషాఢంలో పిన్ని పాలకొల్లులో అమ్మమ్మ దగ్గర ఉంది. ఇంట్లో ఫోన్ లేదు, వీధి చివర ఎస్టీడీ బూత్‌లో మాట్లాడాలంటే చుట్టూ మనుషులు. బాబాయి గడప తొక్కకూడదు గనుక సోమవారం సాయంత్రాలు క్షీరారామలింగేశ్వరస్వామి గుడికి వచ్చేవారు. పిన్ని తోడుకు పక్కింటి పిల్లను తీసుకుని కొబ్బరికాయతో వెళ్లేది. ఆయన ప్రతిసారీ ఆవిడ అత్తారింట్లో మరిచిపోయిన వస్తువొకటి కాగితంలో చుట్టి తెచ్చేవారు. ఒక వారం దువ్వెన, ఒక వారం కుట్టుపని డబ్బా. వచ్చే వారానికి ఇంకేం మరిచిపోయిందో పిన్నే చెప్పేది. మండపంలో అరగంట కూర్చుని, ఎవరైనా తెలిసినవాళ్లు కనిపిస్తే లేచి ప్రదక్షిణకు వెళ్లేవారు. 'పెళ్లయిన కొత్తలో ఆయనంటే నాకు బెరుకేనే. ఒక సోమవారం బస్సు రాలేదు. చీకటి పడేదాకా ధ్వజస్తంభం దగ్గరే నిలబడ్డాను. ఆయన మీద నాకింత బెంగ ఉందని అప్పుడే తెలిసింది' అంది నాతో. తాళి కట్టించుకున్నప్పుడు భర్త అయిన మనిషి, బస్సు రాని ఆ సాయంత్రం ఆవిడకు తన మనిషి అయ్యాడు.

అనుబంధ సిద్ధాంతం చెప్పే క్రమం కూడా ఇలాగే ఉంటుంది. ముందు ఆ మనిషి దగ్గరుండాలనిపిస్తుంది. తర్వాత దిగులు పడినప్పుడు ఆ మనిషి దగ్గరికే పరిగెత్తాలనిపిస్తుంది. చివరికి ఆ మనిషి ఉన్నాడన్న ధీమాతో లోకంలోకి ధైర్యంగా అడుగు వేస్తాం. చిన్నప్పటి నుంచి అమ్మానాన్నల మీద ఉన్న ఈ ఆధారం కొద్దికొద్దిగా జీవిత భాగస్వామి మీదకు మారడానికి దాదాపు రెండేళ్లు పడుతుందని హేజన్, జీఫ్మన్ వంటి పరిశోధకుల అంచనా. అయితే ఆ అంచనాలకు ఆధారమైన జంటలు తమంతట తాము కలిసి, తిరిగి, ఆ తర్వాత ఒకే ఇంట్లో చేరినవాళ్లు. మన దగ్గర పెళ్లి ముందు, పరిచయం తర్వాత. మధ్యలో ఆషాఢం, ఆపైన తొలి కాన్పుకు ఏడో నెలలో పుట్టింటి ప్రయాణం, బిడ్డకు మూడో నెలో అయిదో నెలో వచ్చాక తిరుగు ప్రయాణం. మొదటి రెండేళ్లలో ఇన్ని విరామాలుంటే ఆ మార్పు నెమ్మదిస్తుందా, లేక మా పిన్ని విషయంలోలాగా ఎడబాటే దాన్ని త్వరపెడుతుందా? బెంగ పడ్డప్పుడు అమ్మాయి ముందు ఫోన్ చేసేది అమ్మకా, ఆయనకా? ఎప్పుడు ఆ వరుస మారుతుంది? నాకు కావాల్సిన జవాబులు ఇవి.

విదేశీ కొలతల్ని ఉన్నవి ఉన్నట్టు తెచ్చి పెట్టుకుంటే ఏమవుతుందో శంషాబాద్ విమానాశ్రయంలో కళ్లారా చూశాను. అమెరికాలో ఫ్రేలీ అనే పరిశోధకుడు, షేవర్ కలిసి విమానాశ్రయంలో వీడ్కోలు చెప్పుకునే జంటల్ని గమనించి 1998లో పత్రం రాశారు. ఎవరు కౌగిలించుకున్నారు, ఎవరు చేయి పట్టుకుని వదల్లేదు, ఎవరు ఏడ్చారు అని నమోదు చేశారు. చాలా మంచి అధ్యయనం. మా పెద్దనాన్న కూతురి పెళ్లయిన కొద్ది వారాలకే బావ డాలస్ తిరిగి వెళ్లిపోతుంటే మేమంతా రెండు కార్లలో శంషాబాద్ వెళ్లాం. టికెట్ లేనివాళ్లు తలుపు దాటకూడదు కాబట్టి వీడ్కోలంతా బయట ఫుట్‌పాత్ మీదే. అత్తమామలు, ఆడపడుచు, మా అమ్మ, అందరి ముందు అక్క బావ చేయి పట్టుకోలేదు, కన్నీరు పెట్టలేదు. ఆయన బ్యాగు జిప్పు రెండుసార్లు తీసి వేసింది. గోంగూర పచ్చడి సీసాకు చుట్టిన ప్లాస్టిక్ కవరు విప్పి మళ్లీ గట్టిగా కట్టింది. పాస్‌పోర్టు పై అరలో ఉందా అని అడిగింది, ఉందన్నాక మళ్లీ అడిగింది. బావ లోపలికి వెళ్లి అద్దం అవతల నిలబడి ఫోన్ చేశారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ ఫోన్లో మాట్లాడుకున్నారు, క్యూ కదిలేదాకా. అమెరికా పరిశీలకుడి పట్టీలో ఆ జంటకు సున్నా పడుతుంది. ఆ జిప్పు, ఆ పచ్చడి సీసా, ఆ పాస్‌పోర్టు ప్రశ్న నమోదు చేయడానికి మన పట్టీ మనమే తయారు చేసుకోవాలి. వీసా కోసం ఎదురుచూసే ఆడపిల్లలు ఎందరున్నారు! జగిత్యాల, నిజామాబాద్ నుంచి గల్ఫ్‌కు వెళ్లిన భర్తలు, కోనసీమ, కడప పల్లెల నుంచి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన భార్యలు ఎందరు! వాళ్ల కాపురాలు ఏళ్ల తరబడి ఫోన్ తెర మీదే నడుస్తున్నాయి. వాళ్ల గురించి ఈ శాస్త్రానికి తెలిసింది చాలా తక్కువ.

పెద్దలు కుదిర్చిన పెళ్లిలో ప్రేమ పెరుగుతుంది, ప్రేమ పెళ్లిలో తరుగుతుంది, సైన్స్ చెప్పింది అని పెళ్లి పందిళ్లలో వినిపిస్తుంటుంది. ఈ మాటకు మూలం 1982లో గుప్తా, సింగ్ జైపూర్‌లో చేసిన అధ్యయనం. అందులో ఉన్నవి 50 జంటలు. వేర్వేరు ఏళ్ల కాపురం చేసినవాళ్లను పక్కపక్కన పెట్టి పోల్చారు, అవే జంటల్ని ఏళ్ల తరబడి వెంట ఉండి చూడలేదు. 2012లో అమెరికాలో స్థిరపడిన 58 మంది భారతీయుల మీద పమేలా రీగన్ బృందం చేసిన అధ్యయనంలో రెండు రకాల పెళ్లిళ్లకూ తేడాయే కనిపించలేదు. ఇన్ని కోట్ల దాంపత్యాలున్న దేశం ఇలాంటి చిన్న లెక్కల మీద వాదించుకోవడం నాకు బాధగా ఉంటుంది. తెలుగు జిల్లాల్లో ఒక వెయ్యి జంటల్ని పెళ్లి నుంచి పదేళ్లు చూసే అధ్యయనం ఎందుకు ఉండకూడదు?

ప్రేమించుకున్న పిల్లల పరిస్థితి ఇంకా కష్టం. ఇంట్లో తెలిస్తే ఏమవుతుందోనన్న భయం ఉత్త భయం కాదు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో ప్రేమపెళ్లి చేసుకున్నందుకు ఒక యువకుణ్ణి ఎలా చంపారో రెండు రాష్ట్రాలూ చూశాయి. అందుకే దాచుకుంటారు. ఆ దాపరికంలో ఒకరికి ఒకరే దిక్కవుతారు. అమ్మతో చెప్పుకోవాల్సిన దిగులు, అన్నతో చెప్పుకోవాల్సిన కోపం అన్నీ ఆ ఒక్క మనిషి దగ్గరే. ఆ బంధం తెగిన రోజున ఏడవడానికి ఒక్క భుజం ఉండదు, ఎందుకంటే ఆ బంధం ఉన్నట్టు ఇంట్లో ఎవరికీ తెలియదు. అన్నం సహించదు, నిద్ర పట్టదు, తలనొప్పి అని చెప్పి గదిలో పడుకుంటారు. ఇది ఆప్తులు పోయినప్పుడు కలిగే దుఃఖం లాంటిదేనని అనుబంధ శాస్త్రం చెబుతుంది. చావు ఇంటికి పదిమందీ వస్తారు. ఈ పిల్లల దగ్గరికి ఎవరూ రారు. 14416 అనే టెలి మానస్ నంబరుకు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చన్న సంగతి ప్రతి కాలేజీ గోడ మీద ఉండాలి. వదులుకోలేక వెంటపడి, బెదిరించి, దాడి చేసే అబ్బాయిల విషయంలోనూ ఈ పరిశోధన అవసరం. కోల్పోతానన్న భయం అదుపు చేయాలన్న కసిగా ఎప్పుడు మారుతుందో తెలుసుకోవడం వాళ్ల నేరాన్ని తేలిక చేయడానికి కాదు. మారకముందే ఆ అబ్బాయిని, అతనికన్నా ముందు ఆ అమ్మాయిని కాపాడటానికి.

ఆషాఢానికి ఇంకో ముఖం కూడా ఉంది. నాతో స్కూల్లో చదివిన ఒకమ్మాయి పెళ్లయిన తొలి ఆషాఢంలో పుట్టింటికి వచ్చి, నెలల తర్వాత మొదటిసారి కంటినిండా నిద్రపోయానంది. శ్రావణం దగ్గరపడుతుంటే అన్నం మానేసింది. తల్లి దాన్ని పుట్టింటి మీద బెంగ అనుకుని సారె సర్ది పంపేసింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 ప్రకారం పెళ్లయిన ఆడవాళ్లలో భర్త చేతిలో హింస అనుభవించామన్నవాళ్లు తెలంగాణలో 36.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. కొత్త కోడలు అత్తారింటి చెవులకు దూరంగా నెలపాటు తన వాళ్ల మధ్య ఉండే తొలి సందర్భం ఆషాఢం. ఆ నెలలో తల్లిదండ్రులు అడిగేది 'బాగా చూసుకుంటున్నారా' అనే. దానికి అందరూ 'ఆఁ' అనే అంటారు. 'అతను గుర్తొస్తున్నాడా, వెళ్లాలని ఉందా' అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగండి. వెళ్లాలని లేదంటే ఎందుకో వినండి. ఇందుకు పరిశోధన పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదు.

విశ్వవిద్యాలయాల పెద్దలకు నా మనవి ఒకటే. ఈ విషయం తెచ్చిన విద్యార్థిని, ముఖ్యంగా ఆడపిల్లని, పనికిమాలిన కుతూహలంగా చూడకండి. ఎథిక్స్ కమిటీ అడిగే ప్రశ్నలన్నీ అడగండి, నేనూ అడుగుతాను. హింస బయటపడితే ఏం చేయాలి, ఎవరికి చెప్పాలి, పేర్లు ఎలా దాచాలి అన్నది ముందే రాసుకున్నాను. భార్యను, భర్తను వేర్వేరుగా, వేర్వేరు రోజుల్లో అడగాలి. ఇంటి హాల్లో అడిగితే అత్తగారు కాఫీ ఇస్తూ పక్కనే కూర్చుంటారు కాబట్టి అంగన్‌వాడీ కేంద్రమో, లైబ్రరీ గదో చూసుకోవాలి. అదే జంటను జ్యేష్ఠంలో ఒకసారి, ఆషాఢం చివర్లో ఒకసారి, శ్రావణం దాటాక ఒకసారి, రెండో పెళ్లిరోజున మరోసారి కలవాలి. మంచి వార్త వస్తే ముందు ఎవరికి చెబుతారు, జ్వరమొస్తే ఎవరు పక్కన ఉండాలనిపిస్తుంది, అవతలివాళ్లు ఫోన్ ఎత్తకపోతే ఎంతసేపటికి కంగారు మొదలవుతుంది వంటి ప్రశ్నలతో గోదావరి మాటతీరులో ఒక పత్రం రాసి పెట్టుకున్నాను. ఉత్తరాంధ్ర, తెలంగాణ పల్లెల మాటలో సరిచూసే తోటి విద్యార్థులు, సంతకం పెట్టే గైడు దొరికితే వచ్చే వేసవి పెళ్లిళ్లతోనే మొదలుపెడతాను.